ముందు అత్తకెట్టు

అరవై ఎనిమిదిలో నేను విజయనగరంలో నర్సు చదువు చదువుతుండగా, వానాకాలంలో మమ్మల్ని ముసలివాళ్ళ వార్డుకు వేశారు. పొడుగాటి పెంకుటి హాలు. ఫినాయిలు వాసన, ఆరని బట్టల వాసన, వాటి కింద ఎప్పుడూ పోని పుల్లటి గంజి వాసన. తలలు దువ్వడం, పక్కలు మార్చడం, తినిపించడం మా పని. మా నాయనమ్మకు చేసిన సేవే కదా అని సంతోషంగానే వెళ్ళాను.

నాకు అప్పగించిన మనిషి బుల్లమ్మ. సముద్రపొడ్డు పల్లె నుంచి కొడుకు తెచ్చి చేర్పించాడు. గొంతులో అడ్డు లేదు, జ్వరం లేదు. నోరు తెరవదు, అంతే. ఎముకల మీద చర్మం మిగిలింది.

"ఈ పూట కూడా తినకపోతే ఇక నిలవదు తాయారూ," అని సిస్టరుగారు మెల్లగా చెప్పి వెళ్ళారు.

దీపాలు పెట్టే వేళ. హోరున వాన. కరెంటు పోయింది. లాంతరు దగ్గర పెట్టుకుని గంజి కలిపాను.

"మామ్మా, ఒక్క చెంచా. నా తల్లివి కదూ."

"నాను తిన్ను పాపా. ముందు అత్తకెట్టు."

"ఏ అత్త?"

పక్క మంచం వైపు కళ్ళు తిప్పింది. అది ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది.

"అత్త తినకండా కోడలు తింతాదేటే? సదువుకున్నావు, ఆపాటి తెల్దా?" పళ్ళులేని నోటితో నవ్వింది. "సచ్చిపోనాది గానీ దాని ఆకలి సావనేదు. రోజూ నానే ఎట్టేదాన్ని. ఇప్పుడు సెయ్యి లెగట్నేదు."

నా వేళ్ళ కింద ఆమె నాడి దారప్పోగులా ఆడుతోంది. సింహాద్రప్పన్నను తలుచుకున్నాను. ఒక అబద్ధంతో ప్రాణం నిలబడితే స్వామి కోప్పడడనుకున్నాను. చెంచా ఆ మంచం మీదికి చాపి, కొత్త కోడలు పిలిచినట్టే పిలిచాను.

"తినండి అత్తా..."

వాన చప్పుడు ఆగింది. వాన ఆగలేదు... చప్పుడే ఆగింది.

చెంచా బరువెక్కింది. పళ్ళు తగిలిన చిన్న శబ్దం... వెనక్కి లాక్కున్నాను. ఖాళీగా ఉంది. వెచ్చగా, తడిగా ఉంది.

"తిన్నాదా?" బుల్లమ్మ గుసగుస.

తల ఊపాను. ఆమె నోరు తెరిచింది. గిన్నెడు గంజీ తాగేసి, ఏడుస్తూ నా చెంప నిమిరింది.

"నువ్వు పిలిసినావు, అది పలికినాది. ఇంక నన్నొగ్గేసినాది తల్లీ..."

వారం తిరక్కుండా కొడుకు చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. నా మొహం చూడలేదు.

ఆమె వెళ్ళిన సాయంత్రమే హాస్టల్లో కంచం ముందు కూర్చున్నాను. ముద్ద నోటిదాకా వచ్చింది. నోరు తెరుచుకోలేదు. స్వామి నామం పలుకుదామన్నా పెదవులు విడలేదు. ఆ పూటా, మర్నాడూ అంతే. కళ్ళు తిరిగి పడిపోయాక, పక్కన ఇంకో ముద్ద పెట్టి మనసులోనే "తినండి అత్తా" అనుకున్నాను.

అప్పుడు తెరుచుకుంది.

చదువయ్యాక శ్రీముఖలింగం దగ్గర సంబంధం కుదిరింది. బతికున్న అత్తగారు దొరికితే ఈ చచ్చిన అత్త నన్ను వదులుతుందని... అదొక్కటే ఆశ. కాపురానికి వెళ్ళిన రోజునే మా అత్తగారు లక్ష్మణమ్మకు నా చేత్తో వడ్డించి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని, "తినండి అత్తా" అన్నాను.

ఆవిడ అన్నం కలిపారు. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. నా భుజం మీదుగా చూస్తూ, విస్తరి మెల్లగా పక్కకు జరిపారు.

"ముందు ఆవిడికెట్టమ్మా," అన్నారు. "నాకన్నా పెద్దది."