చింతపండు నీళ్ళు తాగిన మౌత్ ఆర్గన్

బెంగళూరు నేతగాళ్ళ కబ్బన్‌పేటలో ఆయుధ పూజ రోజు ఒక్క మగ్గమూ ఆడదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. సుశీల వాళ్ళమ్మ భాగీరథమ్మ పెరట్లో కూర్చుని ఇత్తడి సామాన్లన్నీ చింతపండుతో తోముతోంది.

పదేళ్ళ సుశీల ఊరికే కూర్చునే పిల్ల కాదు. గూట్లో చిన్నాయన వెంకటరాయప్ప మౌత్ ఆర్గన్ కనబడింది. రంధ్రాల్లోంచి చూస్తే లోపలి ఇత్తడి నల్లబడి ఉంది. నాన్న మగ్గానికీ, అమ్మ కత్తిపీటకూ పూజ చేస్తారు కదా, దీనికి మాత్రం వద్దా? చిన్నాయన ఎంత మురిసిపోతాడో!

ఇంకేం, చింతపండు నీళ్ళలో నానబెట్టింది. పీచుతో బరబరా తోమింది. రంధ్రాల్లో చీపురుపుల్ల పెట్టి పొడిచింది. పైరేకు తళతళ మెరిసింది. తీరా ఊదితే "ఉస్స్" మని ఒట్టి గాలే వచ్చింది. లోపలి చెక్క ఉబ్బి బయటికి పొడుచుకొచ్చింది. సుశీల గబగబా తుడిచి, దాని డబ్బాలో పెట్టి, గూట్లోకి తోసేసింది.

అది జర్మనీలో చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బెంగళూరు దుకాణాలకు అలాంటివి రావడమే లేదు. ఈ రోజుల్లోనైతే పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు దాన్ని అద్దాల బీరువాలో దాచుకుంటారు. చిన్నాయన జేబులో వేసుకు తిరిగేవాడు. ఏటా ఆయుధ పూజ సాయంత్రం, మగ్గాల చప్పుడు లేని వేళ, అరుగు మీద కూర్చుని వాయించేవాడు. వీధంతా అక్కడే చేరేది. అబ్బ, ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో!

ఆ ఏడూ జనం చేరారు. చిన్నాయన ఊదాడు. ఉస్స్!

"ఎవర్రా దీన్ని తాకినారు?" అంటూ, ఎదురుగా బొరుగులు నములుతున్న సుశీల తమ్ముడి వైపు తిరిగాడు. "మునిరాజూ, నువ్వేనా? ఎంగిలి నోటితో ఊదినావా?"

"నేను కాదు చిన్నాయనా!" వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"అబద్ధం చెప్తే వీపు పగులుతాది!"

నోరు మూసుకుంటే సుశీల తప్పించుకున్నట్టే. కానీ ఏ పాపమూ ఎరగని తమ్ముడు వెక్కివెక్కి ఏడుస్తుంటే చూడలేక ముందుకొచ్చింది.

"వాడు కాదు చిన్నాయనా, నేనే. పూజకని చింతపండుతో తోమితిని. చెడిపోయిందని భయమై దాచిపెడితిని."

చిన్నాయన మునిరాజును ఒళ్ళోకి లాక్కుని కళ్ళు తుడిచాడు.

"నన్ను ఒక్క మాట అడగకూడదా సుశీలా? నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతాది. దీన్ని పొడిగుడ్డతో తుడవాల, అంతే."

"ఎండలో పెడితే బాగవుతాదా?"

"పగిలిపోతాది తల్లీ. నీడనే ఆరాల."

చిన్నాయన పైరేకులు విప్పి ఆరబెట్టాడు. ఉబ్బిన చెక్కను బ్లేడుతో సన్నగా చెక్కాడు. లోపల ఒక్కో స్వరానికి ఒక్కో సన్నని ఇత్తడి రేకు ఉంది. వాటిని మీటి చూశాడు. ఒక్క రేకు మాత్రం చీపురుపుల్ల తగిలి విరిగిపోయింది. అలాంటిది ఇక దొరకదు.

దీపావళి సాయంత్రం మళ్ళీ అరుగు నిండింది. పాట హాయిగా సాగుతూ, విరిగిన రేకు దగ్గర తటాలున ఆగి, మళ్ళీ సాగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. సుశీల ముఖం కందిపోయింది. లేచి లోపలికి పారిపోదామనిపించింది.

పోలేదు. చిన్నాయన పక్కకొచ్చి కూర్చుంది. పాట మళ్ళీ ఆ చోటికి వచ్చింది. అక్కడ పలకాల్సిన స్వరాన్ని సుశీల గొంతెత్తి పాడింది. చిన్నాయన వాయిస్తూనే ఆమె వైపు చూసి కళ్ళతో నవ్వాడు. ఈసారి పాట ఎక్కడా ఆగలేదు.