చాప తీసేసిన సీను

పెట్టె మూత ఎత్తగానే మొరోంకేజి గుండె గతుక్కుమంది. పైన బట్టలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అడుగున దాచిన నీలిమందు అద్దకం గుడ్డ మాత్రం లేదు. కొడుకు అజానిని వీపున కట్టుకుని ఊరూరా తిరిగిన గుడ్డ అది... వాడు పోయాక ఇన్నేళ్ళలో దాన్ని ఉతకలేదు, ఎవరి కంటా పడనివ్వలేదు. ఏడుపొస్తే గది తలుపు వేసుకుని దాన్ని ముక్కుకి ఆనించుకునేది. బిడ్డ వాసన ఎప్పుడో పోయిందని ఆమెకి తెలుసు. అయినా తల్లి ముక్కుకి ఎవరు నచ్చజెప్పగలరు?

వెనక పెరట్లోంచి జనరేటరు రొద వినిపిస్తోంది. భర్త ఇషోలా పొద్దుటి నుంచీ అక్కడే సినిమా తీస్తున్నాడు. ఒకప్పుడు వ్యానులో జనాన్ని ఎక్కించుకుని ఊరూరా నాటకాలాడిన మనిషి, ఇప్పుడు ఇబాదాన్‌లో వీడియో సినిమాలు తీస్తున్నాడు. పాత నాటకాల కంపెనీలో ఆడవేషాలు వేసేవాళ్ళు చెదిరిపోకుండా ఉండాలంటే యజమానికి ఒకటే ఉపాయం, వాళ్ళని పెళ్ళి చేసేసుకోవడం. మొరోంకేజి అలా వచ్చిన పెద్ద భార్య. కొత్తగా వచ్చింది అనికె. పోస్టర్ల మీద మొహం ఆమెదే. పెద్దామెకి ఇప్పుడు వంటింటి వేషమే మిగిలింది.

మొరోంకేజి పెరట్లోకి అడుగు పెట్టింది. అనికె వీపు మీద ఆ నీలి గుడ్డ! అందులో ఒక రబ్బరు బొమ్మ. కళ్ళ కింద జలుబు మందు పూసుకుని అనికె బొటబొటా కన్నీళ్ళు కారుస్తోంది. ఎదురుగా తండ్రి వేషంలో లమిదీ. పక్కన నిలబడి ఇషోలా కథ చెబుతున్నాడు.

"మళ్ళీ చెప్తున్నా విను. నువ్వు సింగారించుకుంటూ స్టేజి పిచ్చిలో పిల్లాడి జ్వరం మొగుడికి చెప్పకుండా దాచావు. పిల్లాడు పోయాడు. మొగుడు నిలదీశాడు. తప్పు నీదే అయినా మోకాళ్ళ మీద కూలబడి, పాపం ఏమీ ఎరగని ఆయన్ని శపిస్తావు. చూసేవాళ్ళు గుండెలు బాదుకోవాలి. అర్థమైందా?"

మొరోంకేజికి అర్థమైంది. తన కడుపుకోతని కథ చేసి అమ్ముకుంటున్నాడు. అదీ తిరగేసి! పాత కంపెనీవాళ్ళు ఒక్కొక్కరూ ఆమెని చూసి తల దించుకున్నారు. బిడ్డ పోయిన రోజు ఇవో అనే ఊళ్ళో ఏం జరిగిందో వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ ఆ అబద్ధానికి లైట్లు పట్టుకుని నిలబడ్డారు. తిండి పెట్టేవాడికి ఎదురు చెప్పే నోరు ఎందరికుంటుంది లెండి.

ఆమె గబగబా వెళ్ళి అనికె వీపున ఉన్న ముడి విప్పింది. బొమ్మ నేల మీద పడింది. ఒక్క మాట అనలేదు. గుడ్డని గుండెకి అదుముకుని వెనక్కి తిరిగింది.

"పెద్దక్కా, పాత గుడ్డకి ఇంత గొడవెందుకు? కొత్తది కొనిపెడతాలే," అంది అనికె.

"నువ్వు కొనేవాటిలో అది లేదమ్మా," అంది మొరోంకేజి ఆగకుండా.

నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న లావుపాటి ఆవిడ అల్హాజా రఫతు. లేగోస్ బజారులో క్యాసెట్లు అమ్మే పెద్ద వ్యాపారి. ఆవిడ చేతుల్లోకి తీసుకుంటే సినిమా దేశమంతా పాకుతుంది, తీసుకోకపోతే ఇషోలా కంపెనీ మూసేసుకోవాల్సిందే. ఇంతకుముందు తీసినవి రెండూ పడుకున్నాయి.

"ఇషోలా, నీ చిన్న పెళ్ళాం ఏడుస్తుంటే నాకు ఆవలింతలొస్తున్నాయయ్యా," అందావిడ. "ఈ సినిమాలో తల్లి తప్ప ఇంకేముంది? ఆ తల్లి నిలబడితే సినిమా నిలబడుతుంది, అది పడితే నీతో పాటు నేనూ మునుగుతా. ఇప్పుడు గుడ్డ లాక్కెళ్ళిందే, ఆవిడెవరు? నోరు విప్పకుండానే నా కడుపులో చెయ్యి పెట్టి దేవింది. ఆ సీను ఆవిడతో తీయ్. లేదా నన్ను బండెక్కించు."

అనికె మొహం మాడిపోయింది. ఇషోలా మొహం అంతకన్నా మాడింది.

పెళ్ళాన్ని బతిమాలే పని ఉంటే ఈ ఊళ్ళో మగవాడు ముందు తన అక్కని పంపిస్తాడు. ఇషోలా అక్క సెగిలోలా వచ్చి మొరోంకేజి గది గడపలో కూర్చుంది. మా దగ్గర మొగుడి అక్క కూడా మొగుడితో సమానం, తమ్ముడి భార్యని పెళ్ళామా అనే పిలుస్తుంది. ఆ హోదాని ఆవిడ ఒక్క పూటైనా దించి పక్కన పెట్టదు.

"ఏమే పెళ్ళామా, తలుపేసుకుని కూర్చుంటే సరా? నా తమ్ముడి పరువు నీ చేతిలో ఉంది."

"ఆయన పరువుకి నా చేతులు కనిపించాయా మొగుడుగారూ? ఇన్నాళ్ళూ అంట్లు తోమడానికే కనిపించాయి."

"ఉన్న ఒక్క బిడ్డనీ స్టేజి మోజులో పోగొట్టావు. మళ్ళీ కడుపు పండలేదు. వేరేవాళ్ళైతే ఎప్పుడో గెంటేసేవాళ్ళు. కూడు పెట్టిన విశ్వాసమైనా లేదా?"

ఈ మాట మొరోంకేజి ఎన్నిసార్లు విన్నదో... విన్న ప్రతిసారీ నిజం నాలుక చివరి దాకా వచ్చేది. చెప్తే ఎవరు నమ్ముతారు? ఇంటి యజమాని మాట ముందు పిల్లల్లేని ఆడదాని మాట! మింగేసింది. మింగి మింగి ఆమెలో ఇంక జాగా లేదు.

వెనకాలే ఇషోలా వచ్చాడు. గదిలోకి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలోకి ఆయన వచ్చి ఎన్నేళ్ళైందో ఆయనకే గుర్తు లేదు.

"ఒక్క సీను చేసిపెట్టు. ఇంకేం అడగను."

"చేస్తా ఓగా," అందామె. కంపెనీలో అందరూ యజమానిని పిలిచినట్టే ఆమె కూడా ఓగా అనే పిలుస్తుంది. "మాటలు మాత్రం నావి."

"ఎప్పుడు కాదు గనక? కథ నాది, మాట వేషగాడిది. మన కంపెనీలో ఎప్పుడైనా రాసుకున్నామా?" అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నోటికొచ్చింది ఆడించడమే జీవితమంతా చేసినవాడు. ఆ రివాజే తన మెడకి చుట్టుకుంటుందని అప్పుడు తట్టలేదు.

పెరట్లో చాప పరిచారు. మా వైపు తల్లి మోకాళ్ళ మీద కూర్చుని పలికిన మాటకి తిరుగులేదు. బిడ్డని కన్నది ఆ మోకాళ్ళ మీదేనని ఆమె నేలకి గుర్తు చేసినట్టు. అందుకే ఇషోలా కంపెనీలో శాపం పెట్టే సీనుకి తప్పకుండా చాప వేసేవారు. మోకాలు మట్టిని తాకకపోతే మాట వేషంలోనే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం.

మొరోంకేజి నీలి గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది. కాలితో చాపని పక్కకి తోసేసింది.

లమిదీ నెత్తి మీది టోపీ తీసి కింద పెట్టేశాడు. "ఓగా, నా వల్ల కాదు. నాకు ఇంట్లో పిల్లలున్నారు. నువ్విచ్చేదానికి తల్లి శాపం మోయమంటావా?" అని ఎంత పిలుస్తున్నా ఆగకుండా వీధిలోకి నడిచాడు.

"టోపీ నువ్వు పెట్టుకో ఇషోలా," అంది అల్హాజా విసుగ్గా. "తండ్రి వేషం నీకేం కొత్తా?"

అందరి ముందూ భయపడ్డానని ఎలా చెప్తాడు? పెట్టుకుని నిలబడ్డాడు. కెమెరా తిరిగింది. మొరోంకేజి మెల్లగా మట్టి మీద మోకాళ్ళూనింది. అనికె రెండు చేతులూ పొట్ట మీద కప్పుకుంది... ఆమెకి అప్పుడు మూడో నెల. సెగిలోలా కళ్ళు మూసుకుంది. శాపం ఎక్కడ తగులుతుందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు జనం.

శాపం రాలేదు.

"అజాని నాన్నా," అంది మొరోంకేజి.

మా వైపు పోయిన బిడ్డ పేరు తల్లి నోట రాకూడదు. ఆ పిలుపు ఆ ఇంట్లో చచ్చిపోయి చాలా కాలమైంది. ఇషోలా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ రోజు పొద్దున్నే నీకేం చెప్పాను అజాని నాన్నా? బిడ్డ ఒళ్ళు పెనంలా కాలుతోందన్నానా లేదా? నాటకం ఆపమన్నానా లేదా? వేషం వేసుకోమన్నావు. నవ్వించే వేషం. నేను తైతక్కలాడుతుంటే ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. తెర పడ్డాక పరిగెత్తుకుని వెళ్తే, బట్టల పెట్టె మీద వాడు... ఈ గుడ్డలో వాడు చల్లగా ఉన్నాడు. నిన్ను శపించను. శాపం ఇచ్చి నీ రుణం తీర్చను. నా కళ్ళలోకి చూసి ఒక్కసారి చెప్పు. ఆ రోజు నేనేమన్నాను?"

తండ్రి వేషానికి ఇషోలా దగ్గర బోలెడు మాటలున్నాయి. గద్దించొచ్చు, తిప్పికొట్టొచ్చు, "ఆపండి" అని కెమెరా మూయించొచ్చు. నోరు తెరిచాడు. ఎన్నో స్టేజీలు దద్దరిల్లించిన ఆ గొంతు చిన్నపిల్లాడి గొంతులా బయటికొచ్చింది.

"ఆపమన్నావు. టికెట్లు అమ్ముడుపోయాయని... నేనే ఆపలేదు."

సెగిలోలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొరోంకేజి లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఏడవడం మిగతా అందరి వంతు.

కాసేపటికి తేరుకున్న ఇషోలా, "ఆ చివరి మాట తీసేద్దాం అల్హాజా. కథ తప్పింది," అన్నాడు.

"కథ ఇప్పుడే దారికొచ్చింది," అంది అల్హాజా కళ్ళు తుడుచుకుంటూ. "ఆవిడ అడిగింది సగం, నీ జవాబు సగం. ఒకటి తీసేస్తే రెండోది చస్తుంది. నీ బతుకులో నువ్వు చేసిన మంచి వేషం ఇదొక్కటే. అది ఉంటేనే కొంటా."

అలా ఆ సినిమా వచ్చింది. మిగతా కథంతా అతుకుల బొంతే, ఎవరికీ గుర్తు లేదు. ఆ ఒక్క సీను కోసం ఆడవాళ్ళు క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి చూశారు. కంపెనీ నిలబడింది. కానీ ఇషోలా బజారుకి వెళ్తే మిరపకాయలమ్మే ముసలమ్మలు కూడా మొహం తిప్పుకునేవారు. "బిడ్డ తండ్రి వచ్చాడే, తూకం సరిగ్గా వెయ్యండి, ఈయన బిడ్డ కన్నా టికెట్లే ఎక్కువ చూసుకుంటాడు," అని వినపడేట్టే అనేవారు. సినిమాని నిలబెట్టిన సీనే మనిషిని కూల్చింది.

ఒకనాడు ఆయన గుమ్మం దగ్గరికొచ్చి, "నీ కసి తీరిందా?" అని అడిగాడు.

"లేదు," అంది మొరోంకేజి, కూర తరుగుతూ. ఆమె తలెత్తలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

సెగిలోలా ఆ తర్వాత ఎన్నడూ ఆమెని పెళ్ళామా అని పిలవలేదు. క్షమించమనీ అడగలేదు. ఆవిడకి అదే ఎక్కువ.

అనికెకి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున తేనె, ఉప్పు పిల్ల నాలుకకి తాకించాక మొరోంకేజి వచ్చి అనికె ఒళ్ళో నీలి గుడ్డ పెట్టింది. శుభ్రంగా ఉతికి ఉంది. అనికె భయపడిపోయింది.

"పెద్దక్కా, ఇది నాకెందుకు? నేనంటే నీకు పడదుగా."

"పడదు. పిల్లతో నాకేం గొడవ లేదు. దీనికి జ్వరమొస్తే ఎవరినీ అడక్కు. ఇందులో కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిపో."

అనికె ఆ గుడ్డలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకి కళ్ళకింద మందు అక్కర్లేకపోయింది.

వానలు పట్టాక అదే పెరట్లో కొత్త సినిమా మొదలైంది. పెద్ద సీను. అద్దె లైట్లు, లేగోస్ నుంచి వచ్చిన పేరున్న నటుడు. అనికె మాట మధ్యలో ఆగిపోయింది. లోపల పసిపిల్ల ఏడుపు మామూలుగా లేదు. ఆమె పరుగున లోపలికి వెళ్ళి చూసింది, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. బయటికి వచ్చేసరికి పిల్ల వీపున ఉంది, నీలి గుడ్డ ముడి గుండెల మీద. ఎవరినీ అడగలేదు. గేటు వైపు నడుస్తోంది.

"ఇదేంటి, షాటు సగంలో ఉంది," అన్నాడు ఆ పేరున్న నటుడు.

వంటింటి గుమ్మంలో మొరోంకేజి గరిటె పట్టుకుని నిలబడింది. ఇషోలా తిరిగి ఆమె వైపు చూశాడు. ఆమె కూడా రెప్ప వేయకుండా చూసింది.

"ఆపండి," అన్నాడు ఇషోలా. "లైట్లు ఆపేయండి. వ్యాను తాళాలు నా దగ్గరున్నాయి అనికె, ఉండు, నేనొస్తున్నా."

వ్యాను గేటు దాటేదాకా మొరోంకేజి అక్కడే నిలబడింది. తర్వాత గుమ్మంలోనే కూలబడి, గరిటె ఒళ్ళో పెట్టుకుని, ఇన్నేళ్ళకి అందరి ముందూ అజానిని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.