మా ఇష్టప్రకారమే

ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకునే కూతురు వంటింట్లోకి వచ్చింది. ఆ వాలకం చూసి తల్లి ముందుగానే స్టవ్ తగ్గించేసింది. పాతికేళ్ళుగా ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తున్న తండ్రి మాత్రం ఎప్పట్లాగే పేపర్ చాటున దాక్కున్నాడు.

"నాన్నా, మిషన్ల వర్క్‌షాప్ క్లాసు లిస్టులో నా పేరు లేదు. కుట్టు క్లాసులో వేశారు. నిన్న సార్‌ని అడిగితే, మీ నాన్న సంతకం చూసుకో అన్నారు."

"అవును, చేశాను. నీ మంచికే."

"ఆడపిల్లలని ఏ క్లాసులోనూ వద్దనకూడదని చట్టం ఉంది. అందుకే స్కూలు వద్దనలేదు, మీ చేత అనిపించింది. తొమ్మిది మంది అమ్మాయిలం, తొమ్మిది మంది నాన్నలూ సంతకాలు పెట్టారు. 'మా ఇష్టప్రకారమే మార్పించుకుంటున్నాం' అట! ఇక మేమెవరికి చెప్పుకోవాలి?"

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. "నాకొక్క మాట చెప్పలేదేం?"

"కుట్టు నేర్చుకుంటే ఏం పోయింది? నువ్వు కుట్టడం లేదూ?" అన్నాడాయన. అనకుండా ఉండాల్సింది.

"నన్ను మధ్యలోకి లాగకండి. నేను ఇష్టపడి నేర్చుకున్నాను. నా పనిని పిల్లకి శిక్షగా వేస్తే ఊరుకోను."

ఇద్దరూ ఒక్కటయ్యేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. పేపర్ విసిరికొట్టి, చూపుడువేలు లేని ఎడమ చేతిని బల్ల మీద పెట్టాడు.

"మిషన్ దగ్గర ఏమవుతుందో మీకేం తెలుసు? ఇదిగో, చూడు!"

కూతురు పుట్టకముందు పోయిన వేలది. దాని సంగతి ఎప్పుడడిగినా ఆయన మాట మార్చేసేవాడు. ఆ పిల్ల కోపం సగం చల్లారిపోయింది.

"ఎలా పోయింది నాన్నా?"

"తిరిగే చోట చెయ్యి తగలకుండా అడ్డుగా రేకు గార్డు ఉండాలి. చట్టమే అది. ఉంటే పని నెమ్మదిస్తుందని ఓనర్ తీయించేశాడు. మా ఇష్టప్రకారమే తీశామని అందరి చేతా..."

ఆయన కూతురి వైపు చూశాడు.

"సంతకాలు పెట్టించాడు," అంది భార్య మెల్లగా. "తనిఖీకి వచ్చినాయన ఆ కాగితం చూసి, చేసేదేం లేదని వెళ్ళిపోయాడు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వాడు నాకు చేసిందే నేను నీకు చేశానా చిట్టీ? భయంరా నాకు. నీకేమన్నా అవుతుందేమోనని భయం."

కూతురు ఆయన భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ పూట ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళాడు. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని హెడ్‌మాస్టర్‌కి రాసిచ్చాడు. హెడ్‌మాస్టర్ అది చదివి, ఇంకో తెల్లకాగితం ముందుకి జరిపాడు.

"మీ ఇష్టం. దెబ్బ తగిలితే స్కూలుకి సంబంధం లేదని ఒక్క ముక్క రాసివ్వండి మరి."

"అది మాత్రం రాయనండీ. మిషన్లకి గార్డులు ఉన్నాయో లేదో చూసుకోవడం మీ పని. కావాలంటే నేనొచ్చి సరిచేసి పెడతాను."

హెడ్‌మాస్టర్ తెల్లకాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. బయట వరండాలో కూతురు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"మిగతా ఎనిమిది మంది ఇళ్ళూ తెలుసా నీకు?" అని అడిగాడు తండ్రి.

"తెలుసు. ఎందుకు నాన్నా?"

"సాయంత్రం చూపించు. వాళ్ళ నాన్నలతో నేను మాట్లాడతాను. నేనూ సంతకం పెట్టినవాణ్ణే కదా, నా మాట వింటారు."