పూల్‌సింగ్ ఈల

మానుకోటలో స్టేషన్‌కు పోయే దారిలో నాకు స్పీకర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. నా పేరు ఎల్లస్వామి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో నాకు చేతినిండా పని ఉండేది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గుబావులు ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అయినా ఊరూరా ఒక టెంటు, టెంటు కింద పాటలు. మైకుసెట్టు దొరకని చోట ఇళ్లలోని స్టీరియోలే తెచ్చి పెట్టేవాళ్లు. అవి ఇంట్లో నలుగురు కూర్చుని వినడానికి చేసిన డబ్బాలు. ఊరంతా వినాలని సౌండు చివరిదాకా తిప్పితే ముందు చచ్చేది ట్వీటరే.

ట్వీటర్ అంటే డబ్బాలో పైన ఉండే చిన్న స్పీకరు. డప్పు మోత కింది పెద్ద స్పీకరు చూసుకుంటుంది. గజ్జెలు, తాళాలు, ఈలలు, సన్నటి చప్పుళ్లన్నీ దీనివి. లోపల వెంట్రుకంత తీగ చుట్టిన కాయిల్, దానికి అంటుకుని ఉల్లిపొర లాంటి డయాఫ్రమ్. తట్టుకోలేనంత వేడెక్కితే తీగ మాడిపోతుంది. అప్పుడు పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. మాడిన డయాఫ్రమ్ తీసేసి కొత్తది కూర్చోబెడితే మళ్లీ గొంతు వస్తుంది. అంతే పని.

ఒక మధ్యాహ్నం గోపాల్ అనే మనిషి బండి మీద వచ్చాడు. దంతాలపల్లి అవతల తండాలో ఇల్లు, బడిపంతులు, అందరి లాగే సమ్మెలో ఉన్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"డబ్బాలు పెద్దగున్నయన్న, బండి మీద రావు. నువ్వే జర ఇంటిదాక రావాలె."

"ట్వీటర్లేనా పోయింది?"

"రెండు దిక్కులా పోయినయి. సమ్మెకు ముందు బస్సుల హన్మకొండ తీస్కపోయి రెండుసార్లు బాగుచేపిచ్చిన. బాగై వచ్చిన రోజే మళ్ల పోతున్నయి."

ఆంప్లిఫైయర్ చెడి ఉంటుందనుకున్నాను. డయాఫ్రమ్‌లు, పనిముట్లు సంచిలో వేసుకుని బండెక్కాను.

దారిలో ఒక్క బస్సు ఎదురు రాలేదు. మక్కచేన్లు కోసి పడేసి ఉన్నాయి. పచ్చి చొప్ప వాసన, తడిసిన రేగడి వాసన. తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. గోపాల్ ఇల్లు తండా చివరన, స్లాబు ఇల్లు. పక్కన మేకల దొడ్డి. ఇంటి వెనక చెలక, చెలక నడుమ రాతికట్టు లేని పెద్ద బావి. వానలకు నీళ్లు అంచుల దాకా వచ్చాయి.

అతని భార్య అనిత గడపలో నిలబడి ఉంది. రమ్మనలేదు. నీళ్లివ్వలేదు. నా సంచి వైపు ఎట్లా చూసిందంటే, నేను అందులో పామును తెచ్చానా అన్నట్టు.

డబ్బాలు ముందు గదిలో ఉన్నాయి. రొమ్ము ఎత్తున, నల్లటి చెక్కతో, మంచి సరుకు. గోపాల్ బొంబాయిలో పని చేసినప్పుడు మోజుపడి కొన్నాడట. కరెంటు లేదు. సోల్డరింగు కడ్డీని పొయ్యిలో కాల్చుకోవాల్సిందే. కట్టెలు తెస్తానని గోపాల్ బయటికి పోయాడు.

నేను మరలు విప్పి ట్వీటర్ బయటికి తీశాను. మాడిన వాసన లేదు. డయాఫ్రమ్ నడుమ సూదితో పొడిచిన తూట్లు. కాయిల్ తీగ బ్లేడుతో కోసినట్టు శుభ్రంగా తెగి ఉంది. రెండోది విప్పాను. అదీ అంతే.

తల ఎత్తితే అనిత నా పక్కనే ఉంది. అడుగుల చప్పుడు కూడా వినబడలేదు.

"నేనే కోసిన," అంది గుసగుసగా. "బాగుకాదని చెప్పు అన్న. నీకు దండం పెడుత."

"ఎందుకమ్మ?"

ఆమె బయటికి ఒకసారి చూసి, గబగబా చెప్పింది. మామ పేరు పూల్‌సింగ్. మేకల కాపరి. ఇంట్లో వాళ్లనీ మేకల లాగే ఈల వేసి పిలిచేవాడు. కొడుక్కి ఒకటే పొడుగు ఈల. కోడలికి రెండు పొట్టివి. రెండోసారి వేయనిచ్చారంటే కట్టె లేచేది. ఆమె చెవి వెనక జుట్టు తొలగించి చూపించింది. ఒక వేలు పట్టేంత గుంట.

"ఎండకాలం సచ్చిపోయిండు. పోయినా ఊకుంటలేడు. గీ చిన్న స్పీకర్లు బాగైతే చాలు, కరెంటు లేకున్నా అండ్లకెళ్లి ఈల వస్తది. ఈయన లేచి పోతడు. మొదటిసారి బాయి గడ్డ మీద దొరికిండు. రెండోసారి మెడల దాక నీళ్లల్ల."

నేను నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఒక మనిషి నిజంగానే బావిలో దిగిన సంగతి అబద్ధమైతే కాదు. అట్లాగే చెప్తానన్నాను.

గోపాల్ కట్టెలతో వచ్చాడు.

"ఇవి నా దగ్గర లేని రకం సార్," అన్నాను. "హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె. సమ్మె అయిపోయినంక చూద్దాం."

అతను నా సంచి అందుకుని నేల మీద బోర్లించాడు. డయాఫ్రమ్‌ల పొట్లాలు జారిపడ్డాయి. ఒకటి తీసి, విప్పిన ట్వీటర్ పక్కన పెట్టి చూశాడు. సరిగ్గా అదే కొలత.

"గివేంది మరి?"

అతను లేచి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టాడు. తిరిగి వచ్చి, తెచ్చిన కట్టెల్లోంచి ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"చెయ్యి అన్న. చేసినంకనే పోతవ్."

అనిత మూలకు ఒదిగింది. నేను పొయ్యి అంటించి కడ్డీని అందులో పెట్టాను. పొగ గదంతా కమ్మింది. బయట వెలుగు తగ్గిపోతోంది. కాసేపటికి గోపాల్ తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఎండకాలం దీక్షలప్పుడు మా ఇంటి ముందర్నే టెంటు ఏసినం. ఈ డబ్బాలు టెంటు కింద పెట్టి నేనే పాటలేస్తున్న. బాపు లోపల మంచంల ఉన్నడు. బీమారితోని గొంతు పోయింది, ఈల తప్ప ఏం రాదు. నీళ్లకో దేనికో పిలిచి ఉంటడు. ఎంతసేపు పిలిచిండో. నేను సౌండు ఇంకింత పెంచిన. సాయంత్రం ట్వీటర్లు మాడి పాట మొద్దువారినంక లోపలికి పోయిన. అప్పటికే సల్లవడ్డడు. పెదవులు ఈల వేస్తున్నట్టే ఉన్నయి."

"సార్, అది..."

"ఒక్కసారి పోయి 'వచ్చిన బాపూ' అంటే సాలు. గంతే. ప్రతిసారి నడుమల ఈల ఆగిపోతంది."

మూలలోంచి అనిత ఏడుపు వినబడింది. ఏడుపు కూడా గుసగుసే.

అప్పుడు నేను చేయగలిగింది ఒకటే తోచింది. డయాఫ్రమ్ కూర్చోబెట్టాను. ఒక తీగ అతికించాను. రెండో తీగ అతికించలేదు. కడ్డీ తాకించినట్టే తాకించి, మైనం ముద్ద పైన పూసి కప్పేశాను. తీగ అతకకపోతే కరెంటు పారదు. కరెంటు పారకపోతే ట్వీటర్ రాయితో సమానం. ఎవరికీ కనబడదు. రెండోదీ అట్లాగే చేద్దామని ముందు మొదటిది డబ్బాలో బిగించాను. రెండో డబ్బాలో ట్వీటర్ ఉండాల్సిన చోట చీకటి బొక్క ఒకటే మిగిలింది.

"అయిందా?" అన్నాడు గోపాల్.

"ఒకటయింది. కరెంటు వస్తే చూద్దాం."

ఎవరమూ కదలలేదు. పొయ్యిలో నిప్పు ఒక్కటే వెలుగు. దొడ్డిలో మేకలు అప్పటిదాకా అరుస్తూనే ఉన్నాయి. తండాలో ఎవరో పిల్లల్ని కేకేస్తున్నారు. దూరంగా ఏదో టెంటు కింద డప్పు.

ముందు మేకలు ఆగిపోయాయి.

తర్వాత డప్పు ఆగిందో, నాకే వినబడటం మానిందో తెలియదు. చెవుల్లో నీళ్లు నిండినట్టయింది. గదిలో ఒక వాసన... మేకతోలు, చుట్టపొగ, చాలా రోజులు మంచం పట్టిన మనిషి ఒంటి వాసన.

"ఇనవడ్డదా అన్న?" గోపాల్ పెదవులే కదిలాయి.

వినబడింది.

సన్నగా. పంటి సందులోంచి ఊదినట్టు. డబ్బాలోంచే వస్తోంది. డబ్బాకు ఏ వైరూ తగిలించి లేదు. లోపల ఒక తీగ అతకనే లేదు. అతకలేదని నాకు తెలుసు... నా చేతులతో నేనే వదిలేశాను.

ఈల ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి రెండో డబ్బాలోంచి. ట్వీటరే లేని బొక్కలోంచి.

అందులో ప్రేమ లేదు. దాహం లేదు. చచ్చిపోతూ కొడుకును పిలిచే ముసలాయన గొంతు కాదది. ఆలస్యం చేసినవాణ్ని లెక్కపెట్టుకుంటూ కట్టె చేత పట్టిన మనిషి గొంతు.

గోపాల్ సగం లేచాడు. అనిత వచ్చి రెండు చేతులతో అతన్ని పట్టుకుంది. అతను లేచినవాడు అట్లాగే ఆగిపోయాడు. తల వంచి విన్నాడు. మొహంలో ఏదో మారింది.

"నాది గాదు," అన్నాడు.

అనిత కూడా విన్నది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"నాది గూడ గాదు."

ఒక పొట్టి ఈల, ఒక పొడుగు, చివరన పైకి లేచి తెగిపోయేది. వాళ్లిద్దరూ ఒక్కసారే నా వైపు చూశారు.

...

నీళ్లు.

చల్లటి నీళ్లు, గొంతు దాకా. కాళ్ల కింద బురద జారుతోంది. ఇంకో అడుగు వేయబోతున్నాను, నా కాలు నా మాట వినడం లేదు. వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగుతున్నారు. అనిత. ఆమె నడుము పట్టుకుని గట్టు మీద గోపాల్. అతను మరో చేత్తో జిల్లేడు మొదలు పట్టుకుని ఉన్నాడు. అది వేళ్లతో సహా లేస్తోంది.

చొక్కా చిరిగింది. వాళ్లు నా జుట్టు పట్టుకున్నారు. ఎట్లాగో గట్టు మీద పడ్డాను. నోట్లో నీళ్లు, బురద.

చాలాసేపటికి అడిగాను, "నేనెట్ల వచ్చిన ఈడికి?"

"నువ్వే గొళ్లెం తీసినవ్," అన్నాడు గోపాల్. ఊపిరి అందడం లేదు అతనికి. "ఇద్దరం పట్టుకున్నా ఆగలే. మమ్ముల ఈడ్సుకుంటనే వచ్చినవ్."

"ఏమన్న మాట్లాడిన్నా?"

అతను అనిత వైపు చూశాడు. ఆమె చెప్పింది.

"'వస్తున్న బాపూ' అనుకుంట నడిచినవన్న. బాయి దాక అదే మాట."

నేను మా తండ్రిని నాయినా అనే పిలిచేవాణ్ని. బాపూ అని నా జన్మలో ఎవర్నీ పిలవలేదు.

గోపాల్ ఆ రాత్రే గొడ్డలి తీసుకున్నాడు. ఇద్దరం కలిసి డబ్బాలు రెండూ చెలకలోకి ఈడ్చాం. అతను కొడుతుంటే నేను ముక్కలు పోగేసి నిప్పు పెట్టాను. నల్లటి పొగ, కాలిన జిగురు వాసన. ట్వీటర్‌ను నేనే రాయితో నలగ్గొట్టాను. కొట్టేముందు మైనం గోకి చూశాను. రెండో తీగ అతకకుండానే ఉంది.

తర్వాత అతను నన్ను బండి మీద మానుకోట తెచ్చి దించాడు. ఇంటి ముందు దిగాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సమ్మె ముగిసింది. కొన్నేళ్లకు రాష్ట్రమూ వచ్చింది. గోపాల్‌కు ఘనపూర్ వైపు బదిలీ అయింది. పోతూ పోతూ ఒకసారి దుకాణానికి వచ్చాడు. మనిషి తేరుకున్నాడు, కళ్ల కింద నలుపు పోయింది. అనిత బాగుందన్నాడు. టీ తాగి లేచేటప్పుడు చెప్పాడు.

"ఆనాటి నుంచి మాకు మళ్ల ఇనవడలేదన్న."

మాకు అన్న మాట దగ్గర కొంచెం ఆగాడు. నా మొహంలోకి చూశాడు. నన్ను అడగాల్సింది ఏదో అడగకుండానే బండెక్కి వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే నాకూ వినబడలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. ట్వీటర్లు బాగుచేస్తూనే ఉన్నాను, నిద్ర పడుతూనే ఉంది.

మొన్న పొద్దున దుకాణంలో ఏదో పాత డబ్బా విప్పుకుని కూర్చున్నాను. దుకాణం వెనకే మా ఇల్లు. నా భార్య భద్రమ్మ వంటింట్లోంచి తడి చేతులతో గబగబా వచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడింది.

"ఏంది?" అన్నాను.

"ఏంది అంటవేంది, పిలిచినవ్ గద."

"నేను పిలవలే."

"రెండుసార్లు ఈల ఏసినవ్," అంది. కోపంగా కాదు. భయంగా. ముప్పై ఏళ్ల కాపురంలో నన్ను చూసి ఆమె అట్లా భయపడటం అదే మొదలు. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేసరికి జర ఆలిశమైంది. గంత మాత్రానికే కట్టె పట్టుకోవాల్నా?"

ఆమె చూస్తున్న వైపు చూశాను. నా కుడిచేతిలో ఒక కట్టె ఉంది. నున్నగా అరిగిన మేకల కాపరి కట్టె. అది మా ఇంట్లోది కాదు.

నాకు ఈల వేయడం రాదు.