మా ఇంటికి రా అవ్వా

మధ్యాహ్నం భోజనాలయ్యాక కువైట్‌లోని ఈ మిష్రిఫ్‌లో వీధి వీధంతా నిద్రపోతుంది. యజమానురాలిని మేం మామా అంటాం. ఆమె, పిల్లలు పైన ఏసీ గదుల్లో పడుకుంటారు. కింద వంటింట్లో నేనూ, వంట చేసే సంజీవమ్మక్కా గిన్నెలతో కుస్తీ పడుతుంటాం. ఆ రోజూ అంతే. కిటికీ అవతల ఎండకు గోడ మండుతోంది.

ముందు వాసన వచ్చింది. ఎండుచేప, పచ్చి వెన్న. నా చేతిలో గిన్నె జారింది.

ఆ వాసన నాకు తెలుసు. పోయిన నెల పిల్లల్ని చూసుకోవడానికి మామా నన్నూ ఐస్‌లాండ్ తీసుకుపోయింది. చుట్టూ సముద్రం, మధ్యలో చలి. ఎండాకాలం అక్కడ పొద్దే గూకదు, అర్ధరాత్రి కూడా బట్టలు ఆరేసుకోవచ్చు. నేలలోంచి ఆవిర్లొచ్చే వేడి మట్టిలో గిన్నె పాతిపెట్టి రొట్టె చేస్తారు. పాతినదాన్ని తవ్వి తినడానికి నాకు మనసొప్పలేదు.

మేం దిగిన ఇంటి పక్కన, కప్పు మీద గడ్డి మొలిచిన ఇల్లొకటి ఉంది. దాని వాకిట్లో ఒక ముసలవ్వ ఎండుచేపను రాతి మీద సుత్తితో కొట్టి, పీచులు తీసి, వెన్న పూసి నాకు పెట్టేది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. అయినా ఆ దేశంలో నా కడుపు సంగతి పట్టించుకున్నది ఆమె ఒక్కతే. ఫోన్‌లో నా కూతురు దేవిక ఫొటో చూపిస్తే ఎంతసేపో చూసేది. ఎనిమిదేళ్ల పిల్లను వదిన దగ్గర వదిలి వచ్చానని చెప్పుకుని ఏడ్చాను కూడా.

బయల్దేరే రోజు ఆమె చేతులు పట్టుకుని, "పోయొస్తానవ్వా. ఒకసారి మా ఇంటికి రా" అన్నాను. అందరితో అనే మాటే కదా. ఆమె తల ఊపింది. చేతులు మాత్రం మంచుగడ్డలు.

కారెక్కాక మామా అడిగింది, ఆ పాడుబడ్డ ఇంటి ముందు ఒక్కదానివే ఎవరితో మాట్లాడుతున్నావని.

ఇప్పుడు ఆ వాసన సామాన్ల గదిలోంచి వస్తోంది. తలుపు సందులోంచి చల్లగాలి కాళ్లకు తగులుతోంది. లోపల రాతి మీద సుత్తి దెబ్బ. టక్... టక్...

సంజీవమ్మక్కకూ వినబడింది. ఆమెకు జరిగిందంతా చెప్పాను.

"సచ్చినోళ్ల కాడ పోయొస్తానంటారటే? పైగా ఇంటికి పిలిసినావా?" అంది గుసగుసగా.

"పగలే గదక్కా కనపడింది... మనిషే అనుకుంటి."

టక్... చప్పుడు తలుపు దగ్గరికొచ్చింది. పిడి మెల్లగా తిరిగింది.

"మునిలక్ష్మీ, ఇది నీ ఇల్లు గాదని చెప్పు. మర్యాదగా చెప్పు."

"అవ్వా... ఇది నా ఇల్లు గాదు. నేనీడ పనిమనిషిని."

ఇన్నేళ్లూ నన్ను ఏడిపించిన మాట అది. ఆ రోజు అదే కాపాడింది అనుకున్నాను. సుత్తి ఆగింది. చలి పోయింది. తలుపు తీస్తే బియ్యం మూటలు, నూనె డబ్బాలు. సంజీవమ్మక్క "ఖలాస్, పాయె" అని కూలబడింది. ఇద్దరికీ పిచ్చి నవ్వొచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. రాయచోటి దగ్గర మా ఇంటి నుంచి దేవిక. వదిన టమోటా కోతకు పోయిందట. ఏదో నములుతూ మాట్లాడుతోంది.

"అమా, నువ్వు మనింటికి రమ్మన్నావంట గదా. అవ్వొచ్చింది."

"పాపా, బయటికి పరిగెత్తు. ఇప్పుడే..."

"చలిగా ఉంది మా. అవ్వ నా చెయ్యి ఇడిసిపెట్టడం లేదు." నమలడం ఆపింది. "నీకు పోయొస్తానని చెప్పమంటాంది."

"అనొద్దు పాపా... ఆ మాట అనొద్దు..."

"పోయొస్తా మా."

ఫోన్ ఆగిపోలేదు. అలల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాయచోటి చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు.