ఎడమ చక్రం మీద పసుపు గీత

ఆదివారం రేసుకి ముందు చేయాల్సినవి, అమ్మ చేతిరాతలో, షెడ్డు తలుపు మీద:

ఇంజిన్ ఆయిల్ మార్చాలి.
బ్రేకు గొట్టంలో గాలి తీయాలి.
సీటులో ఎడమ భుజం దగ్గర స్పాంజి ఒరుసుకుంటోందట, కోసి కుట్టాలి.
హెల్మెట్‌కి కొత్త అద్దం.
ఆయనకి బీపీ మాత్రలు అయిపోయాయి.
నట్లన్నీ బిగించాలి, ఇంకొకరు సరిచూడాలి, పసుపు గీత పెట్టాలి.

శుక్రవారం ఉదయం ఎనిమిదికల్లా ఆఖరిది తప్ప అన్నీ అయిపోయాయి.

ఆ ఇంట్లో వంటగదికీ షెడ్డుకీ మధ్య ఒక్క తలుపే. అటు పాలు పొంగితే ఇటు తెలుస్తుంది, ఇటు మాట పెరిగితే అటు తెలుస్తుంది. తండ్రిని అందరూ మేస్త్రి అంటారు. గేట్లకీ కిటికీ ఊచలకీ వెల్డింగ్ చేస్తాడు. షెడ్డు నడుమ ఉన్న రేసు కారు మాత్రం ఎవరి ఆర్డరూ కాదు. ఒక్క మనిషే పట్టే కారు. చక్రాలు నాలుగూ బయటికే ఉంటాయి, లోపల కూర్చుంటే భుజం కదపడానికి చోటుండదు. ఇరవై రెండేళ్ళ కూతురు అందులోకి ఇట్టే దూరిపోతుంది కాబట్టి ఆమెకి పిచ్చుక అని పేరు పడింది.

మేస్త్రీ, అతని తమ్ముడూ పన్నెండేళ్ళ కిందట గేట్లకి మిగిలిన గొట్టాలతో ఆ కారు మొదటి రూపు కట్టారు. మోటార్ సైకిల్ ఇంజిన్ పెట్టారు. మరీ బరువు. మొదటి రేసులో ఆఖరున వచ్చింది. రెండో రేసులోనూ ఆఖరునే వచ్చింది, కాకపోతే ఈసారి ఎవరూ తోయకుండా వచ్చింది. రెండో రూపులో నలభై కిలోలు తగ్గించి, ఇంజిన్ని డ్రైవరు వీపు వెనక్కి జరిపారు. తమ్ముడు నడిపితే రెండేళ్ళలో మూడు గెలుపులు. మూడో రూపులో ముందు చక్రాలని పట్టి ఉంచే కడ్డీలు తేలికవి వేశారు. ఇక ఆరు రేసుల్లో ఎవరికీ అందలేదు. ఏడో రేసులో, రెండో మలుపు దగ్గర, ఎడమ ముందు చక్రం విడిపోయి కారు గోడని కొట్టింది. తమ్ముడి మోకాలు మళ్ళీ వంగలేదు.

మలుపు ఆలస్యంగా తిప్పి దారి అంచు గట్టు ఎక్కించాడు, అందుకే కడ్డీ విరిగిందన్నాడు అన్న. గట్టుకి తగలకముందే అన్న వెల్డింగు ఊడిందన్నాడు తమ్ముడు, ఆసుపత్రి మంచం మీంచి. ఆరేళ్ళయింది. రెండు వీధుల అవతల నీళ్ళ మోటార్లు బాగుచేసుకునే తమ్ముడు ఈ గుమ్మం ఎక్కలేదు. కారు కొన్నాళ్ళు దుప్పటి కింద పడి ఉంది. పిచ్చుక పట్టుబట్టాక నాలుగో రూపు దిద్దుకుంది.

"బాబాయిని రమ్మన్నాను," అంది పిచ్చుక, టీ గ్లాసు కింద పెడుతూ.

మేస్త్రి చేతిలో పానా ఆగింది. "ఎవరిని?"

"నీకున్నది ఒక్క తమ్ముడే కదా నాన్నా. ఆయన్నే."

"దేనికి?"

"ఆదివారం ఆఖరి రేసు. మొదటి ముగ్గురిలో వస్తే ఈ ఏడాది ఛాంపియన్‌షిప్ మనది. రెండో మలుపు నాకు కుదరడం లేదు. అది ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు."

"ఎలా తిప్పకూడదో అడుగు, బాగా చెబుతాడు."

"నాన్నా."

"వస్తానన్నాడా?"

"అన్నయ్య పిలిస్తే వస్తానన్నాడు."

"అయితే రాడులే." మేస్త్రి పానాని గోడ మేకుకి తగిలించాడు. "నలుగురిలో నా వెల్డింగుని అన్నవాడికి నేను పిలుపులు పంపాలా? వాడి చేతకానితనానికి నా చేతిపని మీద మచ్చ. నేను అలా వెళ్ళొస్తాను. వచ్చేసరికి ఎడమ వైపు అయిపోవాలి. గీత కనబడాలి నాకు."

వీధి తలుపు దడాలున పడింది.

ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. ఒకరు నట్టు బిగిస్తారు. రెండోవారు పానా వేసి సరిచూసి, నట్టు మీంచి కడ్డీ మీదకి పసుపు రంగు గీత గీస్తారు. గీత పడ్డ నట్టుని ఇక ఎవరూ ముట్టరు. దాని గురించి అడగరు కూడా.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పిచ్చుక నేల మీద కూర్చుని ముందు చక్రానికి గబగబా గీతలు పెట్టేస్తోంది. పానా మేకుకే ఉంది.

"బిగింపు చూశావా?"

"నాన్న బిగించే ఉంటాడులే. తర్వాత చూస్తాను. ముందు గీత కనబడితే ఆయన అరవడు, పూట గడుస్తుంది."

అమ్మ మొహంలో రంగు మారింది. కిందకి కూర్చుని, ఆరని గీత మీదే రెండు వేళ్ళు వేసి నట్టుని తిప్పింది.

తిరిగింది.

పిచ్చుక కుంచె అలాగే పట్టుకుని ఉండిపోయింది. "నాన్న బిగించాడనుకున్నానమ్మా."

"ఆయన నువ్వు బిగిస్తావనుకుని వెళ్ళాడు."

అమ్మ గుడ్డకి థిన్నర్ పోసి గీతలన్నీ తుడవడం మొదలుపెట్టింది. మొదటిది పోయింది, రెండోది పోయింది. గీతలు లేని చోట కూడా తుడుస్తూనే ఉంది. మేస్త్రి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటది? ఎందుకు చెరుపుతున్నావు?"

"ఉత్తి గీతలండీ ఇవి." ఆమె తల ఎత్తలేదు. "ఆ రోజు నేను పెట్టినవాటి లాంటివే."

"ఏ రోజు?"

"ఏడో రేసు పొద్దున. బ్రేకు గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా అని మీరిద్దరూ పోట్లాడుకున్నారు. మీ తమ్ముడు ఆ ఎడమ చక్రం నట్లు చేత్తో ఎక్కించి, మిగతాది మీరు చూసుకుంటారని అటు పోయాడు. మీరు అలిగి ఇటు వచ్చేశారు. మళ్ళీ వచ్చి చూస్తే గీత లేదని ఇంకో గొడవ అవుతుందని భయపడ్డాను. ఇల్లు ఒక్క పూట ప్రశాంతంగా ఉంటే చాలనిపించింది. కుంచె తీసుకుని గీసేశాను. నట్టుని ముట్టుకోలేదు."



"గీత చూసి, వాడే పూర్తి చేశాడనుకున్నాను," అన్నాడు మేస్త్రి మెల్లగా.

"గీత చూసి, మీరు చేశారనుకుని అతను ఎక్కి కూర్చున్నాడు."

"ఆరేళ్ళు. ఎందుకు చెప్పలేదు?"

"మొదటి రోజు నోరు రాలేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి రోజూ అంతే."

"తమ్ముణ్ణి చేతకానివాడన్నాను. కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఇదే ఇంట్లో, కంచం ముందు కూర్చుని అన్నాను. వింటూ వడ్డించావు నువ్వు."

"అవును."

"అమ్మని అలా అనకు నాన్నా," అంది పిచ్చుక.

"అననీ." అమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళకి అంటిన దుమ్ము కూడా దులపలేదు. "ఇప్పుడే వెళ్ళి అతనికి చెబుతాను. మీరు వస్తే రండి. రాకపోయినా వెళతాను."

ఆమె ముందు నడిచింది. కొంత వెనగ్గా కూతురు. ఇంకా వెనగ్గా, చెప్పులు వేసుకోవడం మరిచిపోయిన మేస్త్రి.

తమ్ముడు కొట్టులో చెక్క స్టూలు మీద, ఎడమ కాలు చాపుకుని, మోటారుకి రాగి తీగ చుడుతున్నాడు. ముగ్గుర్నీ చూసి తీగ వదలకుండానే అన్నాడు, "ఏంటి వదినా, ఇంటిల్లిపాదీ కదిలారు? నీళ్ళు రావడం లేదా?"

ఆమె కూర్చోలేదు. ఇంట్లో చెప్పిందంతా ఒక్క మాట తగ్గించకుండా మళ్ళీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను తీగ వైపే చూశాడు.

"క్షమించమని అడగడానికి రాలేదు," అంది చివర్లో. "నిజం నీ దగ్గర ఉండాలని వచ్చాను. నీ కాలు పోగొట్టింది నేను."

అతను కోప్పడతాడని పిచ్చుక ఎదురుచూసింది. మేస్త్రి కూడా. అతను తీగ చుట్టని పక్కన పెట్టాడు.

"రోజూ పొద్దున్న లేవగానే ఆ మలుపు తిప్పుతాను వదినా," అన్నాడు. "మంచం మీదే. చేతులు ఇలా పెట్టి. అన్నయ్య వెల్డింగు అని పైకి అన్నాను గానీ, ఆయన వెల్డింగు ఊడదని నాకు తెలీదా? లోపల మాత్రం నేనే ఆలస్యంగా తిప్పానేమో, నేనే భయపడ్డానేమో అని..." అన్న వైపు తిరిగాడు. "అంటే ఆ రోజు నేను సరిగ్గానే తిప్పానా?"

"సరిగ్గానే తిప్పావురా," అన్నాడు మేస్త్రి. ఆరేళ్ళ తర్వాత తమ్ముడితో అతను అన్న మొదటి మాట అది. వెళ్ళి తమ్ముడి చాచిన కాలు పక్కన, ఇనుప తుక్కులోనే చతికిలబడ్డాడు.

తమ్ముడు వదిన వైపు చూడలేదు. "నాకు కోపం రావాలి వదినా. వస్తుంది కూడా, రేపో ఎల్లుండో. వచ్చినప్పుడు నీ దగ్గరికే వస్తాను. తలుపు వేసుకోకు."

"వేసుకోను," అందామె. అప్పుడు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఎడమ వైపు నట్లు తమ్ముడు బిగించాడు, అన్న సరిచూశాడు. ఒక్కో నట్టు దగ్గర "బిగించాను" అని ఒకరు, "చూశాను" అని ఒకరు పైకి అన్నారు. మొదట్లో చిన్నపిల్లల పాఠంలా ఉందని పిచ్చుక నవ్వింది. మూడో నట్టు నుంచి నవ్వలేదు.

ఆదివారం ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. ఒక్క స్థానం తేడాతో ఛాంపియన్‌షిప్ పోయింది. హెల్మెట్ తీసి తల దించుకుని నిలబడితే బాబాయి కుంటుకుంటూ వచ్చాడు. "రెండో మలుపు నాకంటే బాగా తిప్పావే పిచ్చుకా. మిగతావి మీ నాన్నలా తిప్పావు, అందుకే నాలుగు."

తర్వాతి వారం, ఏడో రేసులో తప్పు తమ్ముడిది కాదని మేస్త్రి రేసుల సంఘానికి ఉత్తరం రాశాడు. చదువు అంతగా లేనివాడు, కూతురితో నాలుగుసార్లు దిద్దించుకున్నాడు. పాత రేసుల కాగితాలు మార్చే వీల్లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ కాగితాల్లో ఏడో రేసు పక్కన ఇప్పటికీ "డ్రైవరు పొరపాటు" అనే ఉంది.

ఆ మాట చెరపడం ఆ ఇంట్లో ఎవరి చేతిలోనూ లేదు. అందుకే ఇది చదివిన మీకు ఒక్క మనవి. రెండు వీధుల అవతల ఎడమ కాలు చాపుకుని మోటార్లు బాగుచేసే ఆ మనిషిని గుర్తుపెట్టుకోండి. ఆయన మలుపు సరిగ్గానే తిప్పాడు.