కుడికి వాలిన కుట్టు

బుఖారా వైపున్న నురాతా ఊళ్లో కోడలన్నాక అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్వాల్సిందే. నఫోసత్ ఆ ఊడ్పు పది నిమిషాల్లో ముగించి, వంటింట్లో తలుపు చేరవేసుకుని, అత్త ముకర్రమ్ ముందురోజు కుట్టిన పువ్వును విప్పి మళ్లీ కుట్టేది. దానిమ్మలు కోసినప్పటి నుంచీ ఇదే దొంగపని.

అత్తకు చూపు నడిమి భాగం పోతోంది. ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ, పక్కల మాత్రం కాస్త మసక వెలుగు. చలికాలానికి అదీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. సూది గీత తప్పుతోంది, పట్టుదారం పువ్వు దాటి పాకుతోంది. "కళ్లెందుకే, నా చేతికి దారి తెలుసు" అని ఆవిడ మురిసిపోతుంటే నిజం చెప్పడానికి నఫోసత్‌కు నోరెలా వస్తుంది? గోడకు వేలాడదీసే సుజానీ కుట్టాలంటే ముకర్రమే కుట్టాలని ఊరంతా అనేది మరి!

ఆ ఉదయం అత్తా, కొడుకూ, కోడలూ చాయ్ దగ్గర కూర్చున్నారు. పోసే పని కోడలిదే అయినా ముకర్రమ్ కూజా వదిలేది కాదు. చప్పుడు బట్టి పియాలా అడుగున రెండు గుక్కలు పోసేది. ఆ ఊళ్లో కొంచెం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, అంచుదాకా నింపితే ఇక లేవమని. "నా కోడలికి ఒక్కనాడూ నిండా పొయ్యలేదు" అని ఆవిడ ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేది.

కొడుకు ఇఖ్తియోర్ పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. తల్లి చివరి సుజానీని తాష్కెంట్ ప్రదర్శనకు పంపాలి, ముందుగా కుట్టును బాగా దగ్గర్నుంచి తీసిన ఫోటోలు కావాలని అక్కడివాళ్లు అన్నారు. తన మిర్రర్‌లెస్ కెమెరాకు బుఖారాలో, చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సులు రెండు చూసి వచ్చాడు.

"చిన్నది చవక. కానీ గుడ్డకు ఆనించినంత దగ్గర పెట్టాలి, దాని నీడే కుట్టు మీద పడుతుంది. పైగా బొమ్మ అసలు కొలతలో సగమే పడుతుంది. పెద్దదైతే జానెడు దూరం నుంచే దారప్పోగులు లెక్కపెట్టొచ్చు."

నఫోసత్ గబుక్కున అందుకుంది. "చిన్నది చాలండీ. పువ్వు కనిపిస్తే చాలదూ? పోగులు ఎవరు లెక్కపెడతారు?"

"మొన్నటిదాకా లెన్సంటే కళ్లద్దమనుకున్నావ్. నాకు చెబుతున్నావా?"

"దండగ ఖర్చని..."

"ఓహో, మా కోడలికి పొదుపు పుట్టుకొచ్చింది!" ముకర్రమ్ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "పెద్దదే కొనరా. టీవీలో పెట్టి చూపించు. అంత పెద్దగా చేస్తే పక్కచూపుతోనైనా ఆనుతుందేమో. నా కుట్టు ఒక్కసారి చూసుకుంటాను."

నఫోసత్ ఖాళీ పియాలాలు ఏరుకుని లేచింది.

గురువారం లెన్స్ వచ్చింది. ఇఖ్తియోర్ మధ్యపువ్వును ఫోటో తీసి టీవీలో పెట్టాడు. ఒక్కో దారం మోకులా తెరంతా నిండింది. ముకర్రమ్ తెర పక్కకు జరిగి, తల వంచి, కంటి కొసతో చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదు."

"అదేంటమ్మా?"

"నాది ఎడమచేతి వాటంరా. నా కుట్లు ఎడమకు వాలతాయి. ఇవి కుడికి వాలాయి. ఇంకోటి పెట్టు."

ఇంకోటీ కుడికే వాలింది. మూడోదీ అంతే.

"ఎప్పట్నుంచే?" అంది ముకర్రమ్, కోడలున్న వైపు తిరగకుండానే.

"దానిమ్మల కోతప్పట్నుంచి."

"అంటే నా చెయ్యి అప్పుడే పోయింది. నాకు చెప్పకుండా పాతేశారు. నేనేమో శవాన్ని ముందేసుకుని గొప్పలు పోయాను."

"అత్తమ్మా, మీరు బాధపడతారనే..."

"చాలు. చాయ్ తే."

నఫోసత్ వెక్కుతూనే కూజా తెచ్చింది. ముకర్రమ్ పోసింది. రెండు గుక్కలు దాటింది, సగం దాటింది, అంచు దాకా నిండి పరుపు మీదకు పొర్లింది. నఫోసత్ నిలువునా చచ్చిపోయింది. లేచి, గదిలోకెళ్లి నాలుగు బట్టలు మూట గట్టింది. ఇఖ్తియోర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికే లేచావ్? చాయ్ చల్లారిపోతోంది" అని ముకర్రమ్ కేకేసింది.

"మా అమ్మ దగ్గరికి. మీరే కదా నిండా పోశారు."

ముకర్రమ్ చెయ్యి చాపి పియాలా వెతికింది. వేళ్లు చాయ్‌లో మునిగాయి.

"నిండిందా?" అంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నీ ఏడుపే చెవుల్లో ఉంది తల్లీ. చప్పుడు వినిపించలేదు. నాకు కనబడలేదే."

మూట ఎక్కడ పడిందో తెలీదు. నఫోసత్ ఆ తడిచేతిని చెంపలకు అదుముకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడా ఏడ్చింది. కళ్లు చూడటం మానేసినా ఏడవటం మానలేదు.

"రేపట్నుంచి దొంగతనంగా కుట్టకు" అంది ముకర్రమ్. "పగలు నా పక్కన కూర్చుని కుట్టు. దారం లాగే చప్పుడు వింటా. కుడికే వాలనీ, ఏం చేస్తాం."

చలికాలం రానే వచ్చింది. డాక్టరు మాట పొల్లు పోలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో చాయ్ పోసేది నఫోసత్. అత్త పియాలాలో ఎప్పుడూ రెండు గుక్కలే పోస్తుంది.